వేరే లాటు నమూనా

దామోదరం చొక్కా గిడ్డయ్యకు పొట్ట దగ్గర వదులైంది, భుజాల దగ్గర బిగిసింది. కుట్లు తెగుతాయేమోనని అతను కారు ముందు సీట్లో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆదోని దాటి ఎమ్మిగనూరు రోడ్డెక్కాక దామోదరం, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇంకోసారి చెప్పు గిడ్డయ్యా" అన్నాడు.

"పేరు దామోదరం. వయసు యాభై ఏడు. పని పత్తి వ్యాపారం."

"బీపీ, షుగరు?"

"లేవు."

"నొప్పులు?"

"లేవు. వారానికోసారి నడుం పట్టేస్తాది. అది సెప్పొద్దంటిరి కదా."

"చెప్పొద్దు."

గిడ్డయ్య ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. దామోదరం కొన్న పత్తిని ఇరవై రెండేళ్ళుగా కాటా మీదికీ, కాటా మీంచి లారీలోకీ మోస్తున్నాడు. యాభై నాలుగేళ్ళు. హమాలీల ముఠాలో ముప్ఫై ఏళ్ళవాళ్ళు కూడా లారీకి వాల్చిన పలక మధ్యలో ఒక్క క్షణం నిలబడి ఊపిరి తీసుకుంటారు. గిడ్డయ్య నిలబడడు. ఎవరి ఒంటిని చూపించాలా అని దామోదరం మూడు రోజులు ఆలోచిస్తే యార్డు మొత్తంలో ఈ ఒళ్ళే కనిపించింది.

చూపించాల్సిన పని ముక్తినాథ్ వల్ల వచ్చింది. కార్తీకంలో దామోదరం దంపతులు కాక పద్దెనిమిది మంది బయల్దేరుతున్నారు. అందరూ పత్తి, వేరుశనగ అంగళ్ళవాళ్ళే. వాళ్ళను ముందుండి తీసుకుపోతున్నది దామోదరమే. నేపాల్లో ఆ గుడి చాలా ఎత్తులో ఉందనీ, అక్కడ గాలి పలచగా ఉంటుందనీ, యాభై దాటిన ప్రతివాళ్ళూ ఈసీజీ తీయించుకుని డాక్టరు సర్టిఫికెట్ తెస్తేనే తీసుకుపోతామనీ యాత్ర కంపెనీవాళ్ళు చెప్పారు. మిగిలినవాళ్ళు ఆదోనిలోనే పరీక్షలు చేయించుకుని, టీకాలు వేయించుకుని వచ్చారు. దామోదరం మాత్రం ఎమ్మిగనూరులో వేరే పనుందని, అక్కడే చేయించుకుంటానని అన్నాడు.

శ్రావణంలో ఊళ్ళోని రణమండల కొండ మెట్లెక్కుతూ అతను సగంలో కూర్చుండిపోయాడు. దవడ నుంచి ఎడమ మోచేతి దాకా ఎవరో లోపల్నుంచి తాడు లాగినట్టయింది. వెనక వస్తున్నవాళ్ళకు చెప్పు తెగిందని చెప్పి, తెగని చెప్పును చేతిలో పట్టుకుని, చెమట ఆరేదాకా కూర్చున్నాడు. అది ఏమిటో అతనికి తెలుసు. తెలిసింది కాగితం మీదికి రాకూడదు, అంతే. దామోదరానికి గుండె బాగాలేదన్న మాట బజార్లో పడితే రైతు సరుకును పక్క అంగడికి తోలుకుపోతాడు. రేపు ఉంటాడో లేడో తెలియనివాడి ముందు, డబ్బు తర్వాత తీసుకుందామని, ఎవరు పత్తి బోరాలు దింపుతారు? తనైతే దింపడు.

నమూనా మార్చడం అతనికి కొత్త కూడా కాదు. మిల్లువాళ్ళకు ఒక లాటు పత్తి అమ్ముతూ, ఇంకో లాటులోంచి గుప్పెడు మంచి పింజ తీసి చూపించడం ముప్ఫై ఏళ్ళలో రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ ఎవరూ అడగలేదు.

ఎమ్మిగనూరులో డాక్టర్ సంయుక్త ఆసుపత్రి ముందు కొత్త బోర్డు ఉంది. యాత్రలకూ దూర ప్రయాణాలకూ వెళ్ళేవారికి ఆరోగ్య పరీక్షలు, ముందు జాగ్రత్త టీకాలు అని రాసి ఉంది. మంగళవారం పొద్దున డాక్టరమ్మ గోనెగండ్లలో క్యాంపుకు పోతుందనీ, ఆ పూట నర్సు, ఈసీజీ తీసే మనిషి మాత్రమే ఉంటారనీ, కాగితాలు డాక్టరమ్మ సాయంత్రం వచ్చి చూస్తుందనీ దామోదరం ముందే ఫోను చేసి కనుక్కున్నాడు. ఫారం తనే నింపాడు. పేరు తనది, ఫోను నంబరు తనది, ఇంట్లోవాళ్ళ నంబరు అన్నచోట భార్య కనకమ్మది.

గిడ్డయ్య లోపలికి వెళ్ళాక అతను రోడ్డు ఇవతల చీరల దుకాణం నీడలో కారు ఆపుకుని కూర్చున్నాడు. ముప్పావు గంట పట్టింది. ఇంతసేపు ఎందుకో అర్థం కాలేదు. మెట్ల మీద గిడ్డయ్య కనిపించినప్పుడు అతను ఎడమ జబ్బ రుద్దుకుంటూ నవ్వుతున్నాడు.

"సూదులు యేసినారు సావుకారీ, రెండు. ఒకటి టైఫాయిడ్‌దంట, ఇంకోటి సలి జొరానిదంట. కొండకు పోయేది మీరు, సూదులు నాకు."

"ఏమడిగిరి?"

"ఆ మిషను పెట్టే మహేష్ అనేటాయన రబ్బరు బుడ్డీలు ఎదకు అంటిస్తా, వ్యాపారం అంటివి, ఈ భుజమేందన్నా ఇట్లా గట్టిగుందనె. వ్యాపారంలో బరువుంటాది కదప్పా అంటి."

దామోదరం నవ్వలేదు. "ఇంకా?"

"కాగితం రెండుసార్లు తీసిరి."

"రెండుసార్లు ఎందుకు?"

"కదిలినావన్నా అనె. కదల్లేదు నేను. సచ్చినోని మాదిరి పండుకోనుంటి."

బస్టాండు దగ్గర హోటల్లో గిడ్డయ్యకు ఉగ్గాని, బజ్జీలు పెట్టించాడు. గిడ్డయ్య నాలుగో బజ్జీ సగంలో ఆపి, ఎదను గుప్పిటితో ఒత్తుకుని, సోడా అడిగాడు. నూనె సరుకు తింటే ఎప్పుడూ ఉండే మంటేననీ, సోడా తాగి తేపితే పోతుందనీ అన్నాడు. తాగాడు, తేపాడు, మిగిలిన సగం బజ్జీ తిన్నాడు. మధ్యాహ్నం కాటా వేళకు ఇద్దరూ ఆదోనిలో ఉన్నారు. చొక్కా ఉతికిచ్చేస్తానని గిడ్డయ్య అంటే దామోదరం వద్దు, ఉంచుకోమన్నాడు.

* * *

బుధవారం పదిన్నరకు ఫోను వచ్చింది. దామోదరం అప్పుడు బోరా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగునున్న పత్తి తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య పోగును మెల్లగా లాగి చూస్తున్నాడు. పింజ పొడవు బాగానే ఉంది, తేమ ఎక్కువగా ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"దామోదరం గారేనా? నేను డాక్టర్ సంయుక్తను. మీరు ఒక్కరే ఉన్నారా? కూర్చుని మాట్లాడతారా?"

"చెప్పండమ్మా."

"నిన్నటి మీ ఈసీజీ రాత్రి నేను చూశాను. కర్నూలులో మా సారుకు కూడా పంపి అడిగాను. మీకు ఇంతకుముందే ఒకసారి గుండెపోటు వచ్చి పోయినట్టుంది. మీకు తెలియకుండానే. గ్యాస్ అనుకుని ఉంటారు. ఇప్పుడు కూడా గుండెకు రక్తం సరిగ్గా అందుతున్నట్టు లేదు. యాత్ర మాట మరిచిపోండి. ఈ రోజే ఎవరినైనా తోడు తీసుకుని రండి, ఇక్కణ్ణుంచి కర్నూలు పంపిస్తాను. అప్పటిదాకా మెట్లెక్కొద్దు. బరువు అసలు ముట్టుకోవద్దు. వింటున్నారా?"

దామోదరం చేతిలోని పింజ జారిపోయింది. పక్కనున్న బోరా మీద కూర్చున్నాడు. కాళ్ళు చల్లబడ్డాయి. ఎడమ చేతిలో తాడు లాగినట్టే అనిపించింది. కనకమ్మ మొహం, కొడుకు వంశీ అంగట్లో ఒంటరిగా కూర్చున్న తీరు, ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు తిరిగాయి. "వస్తానమ్మా" అన్నాడు.

ఫోను పెట్టేసిన తర్వాత ఎంతసేపు అలా కూర్చున్నాడో. ఆ కాగితం తనది కాదన్న సంగతి మెల్లగా తట్టింది. తట్టగానే ఒంట్లోకి వెచ్చదనం తిరిగొచ్చింది. ఊపిరి నిండుగా పీల్చాడు. తనది కాదు. తన పేరు మాత్రమే. నవ్వు కూడా వచ్చేదే.

అప్పుడు తలెత్తి లారీ వైపు చూశాడు.

పలక కింది కొస దగ్గర గిడ్డయ్య వీపు వంచి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి నిలబడి ఉన్నాడు. ఇద్దరు మనుషులు బోరాను చెరోవైపు పట్టి ఊపి అతని వీపు మీదికి జార్చారు. అతను దాన్ని ఒక్క కుదుపుతో సరిచేసుకుని, చెయ్యి వెనక్కి పెట్టి మూతి పట్టుకుని, పలక మీద కాలు పెట్టాడు. పలక వంగింది. పది అడుగులు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా దామోదరం ఆ అడుగులు లెక్కపెట్టడం అదే మొదటిసారి. గిడ్డయ్య పైకి చేరి, బోరా దించి, ఖాళీ వీపుతో దిగాడు. దిగుతూ ఛాతీ మీద అరచేత్తో రెండుసార్లు రుద్దుకున్నాడు. మళ్ళీ వంగాడు.

ఆ లారీకి ఇంకా అరవై బోరాలున్నాయి. ముఠాలో ఎనిమిది మంది.

"ఉరుకుందప్పా" అని దామోదరం ముఠా మేస్త్రీని పిలిచాడు. "గిడ్డయ్యను ఈపక్కకు పంపు. కాటా చీటీలు రాసేచోట మనిషి కావాల."

ఉరుకుందప్ప తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "గిడ్డయ్యకు రాయను రాదు సావుకారీ."

"రాయొద్దు. చీటీలు అందిస్తే చాలు."

"నిన్న కారులో తిప్పితిరి, చొక్కా ఇస్తిరి. ఇయ్యాల కుర్చీ ఇస్తాండారు. అల్లుణ్ణి చేసుకుంటారా ఏంది?"

హమాలీలు నవ్వారు. గిడ్డయ్య కూడా నవ్వాడు గానీ కాసేపే. చీటీల బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద దాచుకున్నాడు. గంటయ్యేసరికి లేచి వచ్చాడు.

"నన్ను ఆడికి పంపండి సావుకారీ. లారీకి ఇంతని వచ్చిందాన్ని మోసినోళ్ళే పంచుకుంటారు. మోయనోనికి పాలు లేదు. కూసున్నోనికి మీరు యిడిగా ఇచ్చినా ముఠా ఊరుకోదు. రేపట్నుంచి పేరు కొట్టేస్తారు."

"ఒక్క రెండు రోజులు."

"ఎందుకు?"

దామోదరం బల్ల మీది చీటీలు సర్దాడు. గిడ్డయ్య అతని మొహం కాసేపు చూసి, తువ్వాలు చుట్టి భుజం మీద వేసుకుని, పలక దగ్గరికి పోయాడు. ఆ పూట దామోదరం ఇంకే బోరా మూతీ విప్పించలేదు.

* * *

సాయంత్రం దామోదరం ఎమ్మిగనూరు వెళ్ళలేదు. రెండుసార్లు ఫోను మోగింది, తీయలేదు. తీయకపోతే డాక్టరమ్మ ఊరుకుంటుందనుకున్నాడు. ఆ అంచనా తప్పింది. ఫారంలో రెండో నంబరు కూడా ఉంది.

గురువారం పొద్దున పళ్ళెంలో ఉప్పు లేని జావ వచ్చింది. కనకమ్మ ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ ఏడుపు అయిపోయినట్టుంది.

"నాకు చెప్పకుండా ఎందుకు దాచినారు?"

"ఎవరు చెప్పిరి?"

"ఆ డాక్టరమ్మే. నిన్న సాయంత్రం. మీరు ఫోను తీయకుంటే నాకు చేసింది. ముక్తినాథ్‌కు మనం రావట్లేదని అందరికీ చెప్పేసినా. రేపు పొద్దున కర్నూలు పోయేదానికి వంశీ డ్రైవరును మాట్లాడతాండాడు."

"అందరికీ అంటే?"

"పద్దెనిమిది మందికీ. దాయాల్సిందేముంది ఇందులో?"

దామోదరం జావలో చెంచా వదిలేశాడు. పద్దెనిమిది మందికి అంటే పద్దెనిమిది అంగళ్ళకు. "కనకా, ఆ కాగితం నాది కాదు" అన్నాడు.

"మొదట అందరూ అట్లే అంటారండీ. మా నాయన కూడా అట్లే అనె." ఆమె లేచి, అతని చెంబులో నీళ్ళు నింపి, చేతికి దగ్గరగా పెట్టింది. చెంబు కూడా అతన్ని ఎత్తనివ్వలేదు.

ఎనిమిదింటికి హాలహర్వి నుంచి శేషన్న ఫోను చేశాడు. పదిహేనేళ్ళుగా దామోదరం అంగడికే పత్తి తోలే రైతు. "ఒంట్లో బాగలేదంట కదన్నా. నువ్వు రెస్టు తీసుకో. నువ్వు లేసి తిరిగేదాకా సరుకు గోవిందన్న అంగట్లో దింపుతాలే" అన్నాడు. గొంతులో నిజమైన బాధ ఉంది. బాధకు బాధే, సరుకుకు సరుకే. దామోదరం అతన్ని తప్పు పట్టలేకపోయాడు.

ఒక్క మాట చెబితే ఇదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ఈసీజీ గిడ్డయ్యది అంటే చాలు. అయితే ఆ మాట వెనక ఇంకోటి వస్తుంది, నీది ఎందుకు చూపలేదని. ఇది కాక ఇంకో దారి ఉంది. ఏమీ అనకుండా ఇంట్లో పడుకుని, వారం తర్వాత ఇంకో ఊళ్ళో ఎలాగో మంచి కాగితం సంపాదించి, ముందుది తప్పు మిషను అనేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. లారీలు వస్తాయి, పోతాయి. పలక మీద ఏ రోజు ఏమైనా, యాభై నాలుగేళ్ళ హమాలీ, ఎండదెబ్బ, గ్యాసు అంటారు. దామోదరం ఈ రెండింటినీ చాలాసేపు తూచాడు. రెండో దారే తేలిక. అంత తేలికగా ఉన్నందుకే అతనికి భయమేసింది.

వంశీ డ్రైవరు కోసం బయటికి పోయినప్పుడు అతను మేడ కింద గోడౌనులోకి వెళ్ళి డాక్టరమ్మకు ఫోను చేశాడు.

"అమ్మా, ఒకటి అడగాల. ఆ కాగితం నాది కాకపోతే?"

"అంటే?"

"నా పేరు మీద ఇంకొకాయన పడుకున్నాడు. హమాలీ. నేను పంపినా."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "భుజం మీద కాయలు కాసి ఉన్నాయని మహేష్ చెప్పాడు" అంది ఆమె చివరికి. "ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

"లారీకి ఎత్తుతాండాడు."

"ఆపండి. ముందు ఆయన్ను ఆపండి. ఈ రోజే తీసుకురండి. మీరు చేసిందాని గురించి తర్వాత మాట్లాడతాను. మీరెందుకు చేశారో కూడా నాకు తెలుస్తూనే ఉంది, మీరూ రండి."

* * *

గిడ్డయ్య మధ్యాహ్నం తిండికి ఇంటికి వస్తాడు. రైలు పట్టాలకు అవతల రెండు గదుల ఇల్లు. దామోదరం వెళ్ళేసరికి అతను గడప లోపల కూర్చుని కొర్రన్నంలో పప్పు కలుపుకుంటున్నాడు. భార్య వెంకటేశ్వరమ్మ వాకిట్లో గోనె మీద వేరుశనక్కాయలు పోసుకుని, బొటనవేలితో నొక్కి గింజలు తీస్తోంది. సావుకారి ఇంటికి రావడం ఇదే మొదటిసారి. ఆమె లేచి స్టూలు దులిపి వేసింది.

"మీకు బాగలేదని యార్డంతా అంటాండారు" అన్నాడు గిడ్డయ్య. "ఎండలో ఎందుకొస్తిరి?"

దామోదరం మొత్తం చెప్పాడు. రెండుసార్లు తీసిన కాగితం సంగతి, డాక్టరమ్మ అన్న మాటలు, ముందే ఒకసారి వచ్చిపోయిందన్నది. చెబుతున్నంతసేపూ గిడ్డయ్య చెయ్యి అన్నంలోనే ఉంది, ముద్ద కాలేదు. వెంకటేశ్వరమ్మ వేళ్ళ కింద కాయలు చిట్లుతూనే ఉన్నాయి.

"ఎప్పుడన్నా రాత్రంతా ఎదలో నొప్పి వచ్చిందా నీకు?" అని దామోదరం అడిగాడు.

"ఉగాదప్పుడు వచ్చె" అంది వెంకటేశ్వరమ్మ. "అది గ్యాసు. జీలకర్ర నమిలిస్తే తెల్లారేసరికి తగ్గిపాయ."

"అదే అమ్మా అది. ఇప్పుడే బయల్దేరుదాం. కారుంది. ఖర్చంతా నాది."

గిడ్డయ్య పళ్ళెం పక్కకు జరిపాడు. చెయ్యి కడుక్కోలేదు. తలొంచుకుని, నేల మీద పడ్డ మెతుకును వేలితో అద్ది పళ్ళెంలో వేశాడు.

"ఒక మాట సావుకారీ. కోపం సేసుకోగాకండి. మంగళవారం నాది తీసినారు. ఆ ఎనక మీరు మీది తీపించుకోనుంటారు. అది బాగలేదు. ఊరంతా తెలిసిపాయ. ఇప్పుడు మీది నాదంటాండారు. ఇంకో పది రోజుల్లో రైలెక్కాల కదా మీరు."

"లేదు గిడ్డయ్యా. నేను తీపించుకోనేలేదు."

"నాకు ఎట్లా తెలుస్తాది? లాటు మార్చేది మీకు కొత్తా? మిల్లాయనకు సూపించిన పింజ యాడిదో, లారీకెక్కిన బోరా యాడిదో నాకు తెలీదా? ఆ రెండుసార్లూ మోసింది నేనే."

దామోదరం స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఆ రెండుసార్లూ ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియదనుకుని అతను ఇన్నేళ్ళూ నిశ్చింతగా ఉన్నాడు.

"డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడిస్తా" అన్నాడు చివరికి.

"ఫోన్లో ఎవురైనా ఏమైనా సెప్తారు" అంది వెంకటేశ్వరమ్మ. గొంతు పెంచలేదు. గింజలు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు తోస్తూ మాట్లాడింది. "ఈయన పేరు ముఠాలోంచి పోతే మేము తినేదేముందప్పా? మీకు గుండె జబ్బొస్తే పండుకుంటారు. మాకు ఆ జబ్బుందంటేనే సాలు, పొయ్యి ఆరిపోతాది. మీ రోగం మా గడపలో దింపి పోదామని వస్తిరా?"

గిడ్డయ్య లోపలికి వెళ్ళి ఆ చొక్కా తెచ్చాడు. ఉతికి, మడతపెట్టి ఉంది. దాన్ని దామోదరం చేతికివ్వకుండా స్టూలు మీద పెట్టి, కాటా వేళైందని యార్డుకు బయల్దేరాడు.

ఆ మధ్యాహ్నం దామోదరం తన అంగట్లో తూకం ఆపించాడు. తేమ ఎక్కువుందని రైతులకు సాకు చెప్పాడు. ముఠా పక్కనున్న గోవిందన్న అంగడికి పోయింది. అక్కడ రెండు లారీలున్నాయి. దామోదరం తన గద్దె మీద కూర్చుని గోడకు అవతల పలక వంగిన చప్పుడు, బోరా పడిన చప్పుడు వింటూ ఉన్నాడు. రెండు చప్పుళ్ళ మధ్య ఆలస్యమైనప్పుడల్లా లేచి నిలబడ్డాడు. సాయంత్రానికి పదకొండుసార్లు లేచాడు.

* * *

శుక్రవారం పొద్దున వంశీ కారు గేటు ముందు పెట్టాడు. కనకమ్మ గుడ్డల సంచి సర్దింది. యార్డులో ఒక్క మాట చెప్పి వస్తానని దామోదరం నడిచి బయల్దేరాడు. ఎక్కడా ఆగకుండా నడవాలనుకున్నాడు గానీ రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. ఈసారి చెప్పు తెగిందని ఎవరికీ చెప్పలేదు.

దారిలో లెక్క వేసుకున్నాడు. గిడ్డయ్య నమ్మనిది ఎందుకంటే ఆ మాట వల్ల తనకు లాభముంది. రైలెక్కే లాభం, పేరు నిలబెట్టుకునే లాభం. లాభం తీసేస్తే ఆ మాటను ఎవరైనా నమ్మక తప్పదు. తీసేయాలంటే తనది మొత్తం పోవాలి. ముప్ఫై ఏళ్ళ పేరు. తక్కెడలో అటువైపు పళ్ళెంలో గిడ్డయ్య ఉన్నాడు. అతనికి కూడా నష్టమే. ప్రాణం మిగిలి ముఠా పోతుంది. ఎటు తూచినా ఇద్దరికీ మిగిలేది తక్కువ. నోరు మూసుకుంటే ఆ తక్కువ కూడా మిగలదు, అంతే తేడా.

గోవిందన్న అంగడి ముందు శేషన్న బోరాలు దిగి ఉన్నాయి. గోవిందన్న ఒక మూతి విప్పి పోగు లాగి చూస్తున్నాడు. మిల్లు తరఫున కొనే ఏజెంటు పక్కనే ఉన్నాడు. చుట్టూ పదీ పదిహేను మంది రైతులు. లారీకి పలక వాల్చి ఉంది. గిడ్డయ్య అప్పటికే వంగి మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు. ఇద్దరు మనుషులు బోరాను ఊపుతున్నారు.

"ఉరుకుందప్పా, ఆపు" అన్నాడు దామోదరం.

అరవలేదు. అరిచే ఊపిరి లేదు. అయినా ఉరుకుందప్ప చెయ్యి ఎత్తాడు. బోరా గాల్లో ఆగింది.

"ఏమన్నా, నువ్వు పండుకోవాల్సిన మనిషివి" అని శేషన్న ముందుకు వచ్చాడు.

"అందరూ వినండి. ఊరంతా అనుకుంటాండే ఆ గుండె కాగితం నాది కాదు, గిడ్డయ్యది. నా చొక్కా తొడిగి, నా పేరు చెప్పించి, ఎమ్మిగనూరులో నేనే పడుకోబెట్టినా. నాది చూపించలేక ఈయనది చూపించినా." ఊపిరి కోసం ఆగాడు. "నాదీ బాగలేదు. కొండెక్కలేక కూర్చున్న మనిషిని నేను. యాత్రకు పోను. అంగడి ఇంక వంశీ చూస్తాడు. మిల్లాయన ఉన్నాడు కాబట్టి అది కూడా చెప్తా. మీకు అమ్మిన దాంట్లో రెండు లాట్లకు వేరే పింజ చూపించినా. ఏవేవో గిడ్డయ్యకు తెలుసు. అడగండి."

మిల్లు ఏజెంటు ఏమీ అడగలేదు. గోవిందన్న చేతిలోని పోగు తెగిపోయింది. శేషన్న వేసిన అడుగు అక్కడే ఆపి, తన బోరా మూతిని తాడుతో మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ఎందుకు కడుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

ఉరుకుందప్ప దామోదరం మొహం చూశాడు, పెదవుల చుట్టూ ఉన్న బూడిద రంగు చూశాడు. తర్వాత గిడ్డయ్య వైపు తిరిగాడు. "నిజమేనా అప్పా?"

గిడ్డయ్య తలెత్తలేదు. "నాకేం లేదు. ఎత్తండి" అన్నాడు నేలకేసి.

బోరా పట్టుకున్న ఇద్దరూ మేస్త్రీ వైపు చూశారు. వాళ్ళ చేతులు వణుకుతున్నాయి, బరువుకు.

"దింపండి" అన్నాడు ఉరుకుందప్ప.

బోరాను మెల్లగా, చప్పుడు కాకుండా గిడ్డయ్య పక్కన నేల మీద దించారు. ఉరుకుందప్ప తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, తుడుచుకున్న తర్వాత కూడా దాన్ని మొహానికి అడ్డంగా కాసేపు ఉంచుకున్నాడు.

"తిక్కయ్యా, నువ్వు రా."

తిక్కయ్య వచ్చి గిడ్డయ్యకు మూరెడు దూరంలో వీపు వంచాడు. బోరా అతని వీపు మీదికి జారింది. పలక వంగింది, అతను పైకి పోయాడు, లోపల బోరా పడింది. ఉరుకుందప్ప ఇంకో పేరు పిలిచాడు. ఆ మనిషి కూడా వచ్చాడు, వంగాడు, పోయాడు.

గిడ్డయ్య చేతులు మోకాళ్ళ మీద ఆనించుకుని ఇంకా వంగే ఉన్నాడు.